కుస్కోకు ఒంటరి ప్రయాణం: రోజుల లెక్క, రూపాయల లెక్క

కుస్కోకు ఒంటరిగా వెళ్లాలనుకునేవారిలో చాలామంది విమానం టికెట్టు ధరతో లెక్క మొదలుపెడతారు. నా అనుభవంలో అది తలకిందులుగా వేసే లెక్క. పెరూ దేశంలో ఆండీస్ పర్వతాల నడుమ, సముద్రమట్టానికి దాదాపు 3,400 మీటర్ల ఎత్తున ఉన్న 'ఇంకా' అనే పాత సామ్రాజ్యపు రాజధాని అయిన ఈ ఊరికి వెళ్లేవారి ప్రణాళికను రెండు విషయాలు శాసిస్తాయి. ఒకటి ఆ ఎత్తు, రెండోది ఆ ప్రాంతంలోనే కొండమీద ఉన్న ఇంకాల పాత నగరం మాచు పిచ్చు ప్రవేశ టికెట్టు. విమానాలు, గదులు, రైలు, తిండి, అన్నీ ఈ రెంటికీ లోబడి అమర్చుకోవలసినవే.

ఒంటరి ప్రయాణికులు గుర్తుంచుకోవలసింది మరొకటి ఉంది. ఇద్దరు కలిసి వెళ్తే టాక్సీ కిరాయి సగమవుతుంది, గది అద్దె సగమవుతుంది, ఒకరికి ఒంట్లో బాగోకపోతే రెండోవారు మందుల దుకాణానికి వెళ్లగలరు. ఒక్కరే వెళ్తే ఖర్చూ పొరపాటూ రెండూ ఒకరి నెత్తినే పడతాయి. అందుకే ఈ వ్యాసమంతటా నేను పట్టుబట్టేది ఒకటే: రూపాయల దగ్గర చెయ్యి బిగించండి, రోజుల దగ్గర సడలించండి. ఒక రోజు మిగులు పెట్టుకోవడానికి అయ్యే ఖర్చు అయిదారు వేల రూపాయలు, అది లేనందువల్ల అయ్యే నష్టం ఒక్కోసారి ప్రయాణం మొత్తం.

ముందు తేదీ, ఆ తర్వాతే విమానం

కుస్కోలో వానాకాలం నవంబరు నుంచి మార్చి దాకా ఉంటుంది. జనవరి, ఫిబ్రవరి నెలల్లో వానలు ఎక్కువ, కొండచరియలు విరిగి దారులు మూసుకుపోవడం కూడా అప్పుడే ఎక్కువ. మే నుంచి సెప్టెంబరు వరకు ఆకాశం తేటగా ఉంటుంది గానీ జూన్, జూలై రాత్రులు సున్నా డిగ్రీల దగ్గరికి దిగిపోతాయి, చౌక గదుల్లో వెచ్చబెట్టే ఏర్పాటు చాలావరకు ఉండదు. జూన్ 24న ఇంతి రైమి అనే సూర్య పండుగ, జూలై 28, 29 తేదీల్లో పెరూ స్వాతంత్ర్య దినోత్సవాలు వస్తాయి కనుక ఆ వారాల్లో గదుల ధరలు బాగా పెరుగుతాయి. పండుగ చూడటమే మీ ఉద్దేశమైతే తప్ప, ఏప్రిల్ చివరి వారం నుంచి మే నెలాఖరు వరకు గానీ, సెప్టెంబరులో గానీ వెళ్లమని నా సలహా. మొదటిది మన వేసవి సెలవులతో కలిసివస్తుంది, వానలు వెనక్కి తగ్గి కొండలింకా పచ్చగా ఉంటాయి, జనం కూడా జూలైలో ఉన్నంత ఉండరు.

నెల తేలిన తర్వాత మొట్టమొదట చూడవలసింది పెరూ సాంస్కృతిక శాఖ నడిపే అధికార టికెట్టు వెబ్‌సైటు. మాచు పిచ్చులోకి రోజుకు 4,500 మందిని, కొన్ని ప్రత్యేక తేదీల్లో 5,600 మంది వరకు అనుమతిస్తారు. 2024 జూన్ నుంచి లోపలి దారులను మూడు సర్క్యూట్లుగా, వాటిలో మళ్లీ పది మార్గాలుగా విభజించారు. మీరు కొన్నది ఏ మార్గమో ఆ మార్గంలోనే నడవాలి, బయటికి వచ్చాక మళ్లీ లోపలికి పోనివ్వరు. మొదటి సర్క్యూట్టు పై మెట్ల వరకు తీసుకెళ్లి, అందరూ ఫోటోల్లో చూసిన ఆ దృశ్యాన్ని చూపిస్తుంది గానీ నగరం లోపలికి తీసుకుపోదు. మూడోది దిగువ భాగంలో నడిపిస్తుంది, వైనా పిచ్చు శిఖరం ఎక్కదలచినవారికి దారి అందులోనే ఉంది. రెండోది ఆ పై దృశ్యాన్నీ నగరం లోపలి కట్టడాలనూ రెండింటినీ చూపిస్తుంది. మొదటిసారి, బహుశా ఒకేసారి, వెళ్లేవారు రెండో సర్క్యూట్టుకే ప్రయత్నించాలి. ముందుగా అయిపోయేవి కూడా ఆ టికెట్లే. పెరూ కరెన్సీ పేరు సోల్. విదేశీ పెద్దలకు మామూలు టికెట్టు 152 సోల్‌లు, శిఖరం కలిపితే 200 సోల్‌లు. రద్దీ నెలలకైతే మూడు నాలుగు నెలల ముందే కొనడం మంచిది. కొండ కింద ఉన్న ఆగ్వాస్ కాలియెంతెస్ ఊళ్లో మరుసటి రోజు కోసం నేరుగా అమ్మే టికెట్లు కూడా రోజుకు వెయ్యి ఉంటాయి, కానీ వాటిని నమ్ముకుంటే క్యూలో నిలబడటానికి ఒక రోజూ, అదనంగా ఒక రాత్రి అద్దె పెట్టుకోవాలి. అంత దూరం నుంచి వెళ్లే మనకు అది సరిపడదు.

టికెట్టు మీద పాస్‌పోర్టు నంబరు ఉంటుంది, ప్రవేశద్వారం దగ్గర అసలు పాస్‌పోర్టు అడుగుతారు. అందుచేత మీ పాస్‌పోర్టు గడువు దగ్గరపడుతుంటే ముందు దాన్ని కొత్తది చేయించుకుని, ఆ తర్వాతే టికెట్టు కొనండి. మధ్యలో పాస్‌పోర్టు మారితే పాతదాన్ని కూడా వెంట తీసుకెళ్లండి.

టికెట్టు చేతికి వచ్చిన రోజే రైలు టికెట్టు కూడా కొనాలి. ఆగ్వాస్ కాలియెంతెస్‌కు రోడ్డు లేదు. పెరూరైల్, ఇంకా రైల్ అనే రెండు సంస్థల రైళ్లు కుస్కో నుంచి రెండు గంటల లోపు దూరంలో ఉన్న ఒయాంతాయ్‌టాంబో నుంచి గంటన్నర, గంటా ముప్పావులో అక్కడికి చేరుస్తాయి. పొద్దున వెళ్లే రైళ్లు, సాయంత్రం వచ్చే రైళ్లు ఖరీదు, మధ్యాహ్నం వెళ్లేవి కొంత చౌక. నేను లెక్కలో రానూపోనూ 140 డాలర్లు పెట్టాను. ఇంతకంటే తక్కువలో వెళ్లే దారి ఒకటుంది. కుస్కో నుంచి మినీ బస్సులో ఆరేడు గంటలు ప్రయాణించి హిద్రోఎలెక్త్రికా అనే చోట దిగి, రైలు పట్టాల పక్కన సుమారు పది కిలోమీటర్లు నడవాలి. నూరు డాలర్ల దాకా మిగులుతుంది. అయితే ఆ కొండదారి ఇరుకు, వానాకాలంలో ప్రమాదకరం, చీకటి పడ్డాక పట్టాల వెంట ఒంటరిగా నడవడం ఎవరికీ సలహా ఇవ్వదగింది కాదు. పొదుపు చేయడానికి వేరే చోట్లు చాలా ఉన్నాయి, ఇక్కడ చేయకండి.

వీసా, టీకా, దారి

అమెరికా, కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా, షెంగెన్ దేశాల్లో ఏదో ఒకదాని వీసా కనీసం ఆరు నెలల గడువుతో ఉన్న భారతీయులకు, లేదా అక్కడ శాశ్వత నివాసం ఉన్నవారికి, పెరూ 2017 నుంచి పర్యాటక వీసా మినహాయించింది. ఇవేవీ లేనివారు న్యూఢిల్లీలోని పెరూ రాయబార కార్యాలయం ద్వారా వీసా తీసుకోవాలి. మినహాయింపు ఉన్నవారు కూడా టికెట్టు కొనేముందు అదే కార్యాలయం వెబ్‌సైటులో నియమాన్ని ఒకసారి సరిచూసుకోవాలి. వీసా కావలసినవారు ప్రయాణానికి మూడు నెలల ముందే దరఖాస్తు పెట్టి, అది చేతికి వచ్చేదాకా డబ్బు వాపసు రాని టికెట్లేవీ కొనకూడదు.

అమెరికాలో ఉద్యోగం చేస్తున్న తెలుగువారికి ఒక హెచ్చరిక. పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్ గడువు తీరిపోయి, ఉద్యోగ అనుమతి కాగితం మీద మాత్రమే ఉంటున్నవారు పెరూకు వెళ్తే తిరిగి రావడానికి మళ్లీ స్టాంపింగ్ చేయించుకోవలసి వస్తుంది. కెనడా, మెక్సికోలకు కొద్దిరోజులు వెళ్లివచ్చేవారికి ఉన్న వెసులుబాటు పెరూకు వర్తించదు. స్టాంపింగ్ సరిగ్గా ఉన్నవారికి మాత్రం ఈ ప్రయాణం చాలా తేలిక. మయామీ, అట్లాంటా, హ్యూస్టన్ నగరాల నుంచి పెరూ రాజధాని లిమాకు నేరుగా విమానాలున్నాయి.

హైదరాబాదు నుంచి వెళ్లేవారు సాధారణంగా యూరప్ మీదుగా వెళ్తారు. ఆమ్‌స్టర్‌డామ్, పారిస్, మాడ్రిడ్ నుంచి లిమాకు నేరు విమానాలున్నాయి. అమెరికా మీదుగా వెళ్లే టికెట్టు చౌకగా కనిపించినా, విమానాశ్రయం గడప దాటకపోయినా సరే అమెరికా వీసా ఉండి తీరాలి. యూరప్ దేశాల్లో కూడా ట్రాన్సిట్ వీసా నియమం దేశానికొక రకంగా ఉంటుంది కనుక, మీరు విమానం మారే విమానాశ్రయం ఏ దేశానిదో ఆ దేశపు నియమం చూడాలి. రెండు వేర్వేరు టికెట్లు కొని అతికించే పద్ధతిలో, మధ్యలో సామాను తీసుకుని మళ్లీ అప్పగించడానికి ఆ దేశంలోకి ప్రవేశించవలసి రావచ్చు. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే ఎవరూ బాధ్యత వహించరు. ఒంటరిగా వెళ్లేవారు పది వేల రూపాయలు ఎక్కువైనా మొత్తం ప్రయాణం ఒకే టికెట్టు మీద ఉండేలా చూసుకోవాలి.

టీకా సంగతి చాలామంది వదిలేస్తారు. లిమా, కుస్కో, మాచు పిచ్చు వరకే పరిమితమయ్యేవారికి ఎల్లో ఫీవర్ ముప్పు అక్కడ దాదాపు లేనట్టే, పెరూ అధికారులు కూడా టీకా పత్రం అడగరు. కానీ తిరిగి వచ్చేటప్పుడు మన దేశం అడుగుతుంది. ఎల్లో ఫీవర్ ఉన్న దేశాల జాబితాలో పెరూ ఉంది, అక్కడి నుంచి పత్రం లేకుండా వచ్చినవారిని ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచే అధికారం విమానాశ్రయ ఆరోగ్య అధికారులకు ఉంది. టీకా వేయించుకున్న పది రోజుల తర్వాతే పత్రం చెల్లుతుంది, ఆ తర్వాత జీవితాంతం పనికొస్తుంది. హైదరాబాదులో నారాయణగూడ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో ఈ టీకా వేస్తారు. ప్రయాణానికి నెల ముందే ఆ పని పూర్తిచేసుకోండి. అరవై దాటినవారు, గుడ్డు పడనివారు ముందుగా డాక్టరును అడగాలి.

ఎత్తుకు అలవాటు పడే క్రమం

మన తిరుమల కొండ వెయ్యి మీటర్లలోపే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 1,700 మీటర్లు దాటిన శిఖరమే లేదు. లిమా సముద్రపు ఒడ్డున ఉంది, అక్కడ విమానం ఎక్కిన గంటా ఇరవై నిమిషాలకు 3,400 మీటర్ల ఎత్తున దిగుతాం. గాలి పీడనం సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండు వంతులే ఉంటుంది. లేహ్‌కు విమానంలో వెళ్లివచ్చినవారికి ఈ అనుభవం తెలుసు.

నేను మొదట వెళ్లినప్పుడు విమానాశ్రయం నుంచి నేరుగా సాన్ బ్లాస్ పేటలో తీసుకున్న గదికి వెళ్లాను. అది కుస్కోలోకెల్లా అందమైన పేట, గదులూ చౌక. కానీ టాక్సీ కొండ కిందే ఆగిపోయింది, అక్కడి నుంచి రాతి మెట్లు. పది మెట్లకోసారి ఆగి, పన్నెండు కిలోల సంచీని గోడకు ఆనించి నిలబడ్డాను. ఆ సాయంత్రం తలనొప్పి, రాత్రి వాంతులు. పక్కన మంచినీళ్లు అందించే మనిషి లేడు. మరుసటి రోజంతా పడకమీదే గడిచింది. ఆ రోజు కోసం ముందే కొన్న టూరు డబ్బు పోయింది.

ఇప్పుడు ఎవరు అడిగినా నేను చెప్పే క్రమం వేరు. కుస్కోలో దిగిన రోజే అక్కడ ఆగకుండా, సుమారు 2,800 మీటర్ల ఎత్తున ఉన్న ఒయాంతాయ్‌టాంబోకు దిగిపోండి. కుస్కోలో పావితోస్ వీధి నుంచి కొలెక్తీవో అనే షేర్ వ్యాన్లు నిండగానే బయల్దేరుతాయి, రెండు గంటల లోపు చేరుస్తాయి, మనిషికి 15 నుంచి 20 సోల్‌లు. అక్కడ రెండు రాత్రులు ఉండి, ఆ ఊరి ఇంకా కాలపు వీధులూ కోటా నింపాదిగా చూసి, మూడో రోజు రైలెక్కండి. మాచు పిచ్చు ఎత్తు 2,430 మీటర్లే కనుక అక్కడ ఇబ్బంది ఉండదు. మాచు పిచ్చు చూసి వెనక్కి వచ్చి, అప్పుడు కుస్కోలో అయిదు రాత్రులు గడపండి. అప్పటికి ఒళ్లు అలవాటు పడుతుంది. పైగా రైలు స్టేషను పక్కనే బస కనుక కుస్కో నుంచి తెల్లవారుజామున టాక్సీ పెట్టుకునే ఖర్చు కూడా తప్పుతుంది.

మొదటి రెండు రోజులు మద్యం ముట్టకుండా, కడుపు నిండా కాకుండా కొద్దికొద్దిగా తింటూ, నీళ్లు ఎక్కువగా తాగుతూ ఉండాలి. ఎత్తు ప్రదేశాలకు వాడే ఎసిటజోలమైడ్ మాత్ర సంగతి బయల్దేరే ముందే డాక్టరును అడగండి. సల్ఫా మందులు పడనివారికి అది పనికిరాకపోవచ్చు. విశ్రాంతి తీసుకున్నా ఆయాసం తగ్గకపోయినా, నడక తడబడినా, మాట తేడాగా వచ్చినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ప్రయాణ బీమా కొనేటప్పుడు ఎంత ఎత్తు వరకు వర్తిస్తుందో చదవండి. చాలా పాలసీల్లో ఆ పరిమితి చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఏడు రంగుల కొండగా పేరొందిన వినికూంకా 5,000 మీటర్లకు పైన ఉంటుంది, తెల్లవారుజామున నాలుగింటికే బయల్దేరాలి. దాన్ని కుస్కో ప్రాంతంలో అయిదో రోజు తర్వాతే పెట్టుకోండి, ఒంట్లో నలతగా ఉంటే పూర్తిగా వదిలేయండి.

పద్దు

ఈ లెక్కల్లో డాలరుకు 3.5 సోల్‌లు, సోల్‌కు 25 రూపాయలు అనుకున్నాను. మీరు బయల్దేరే వారం నాటి రేటుతో సరిచూసుకోండి. లిమాలో మొదటి రాత్రి, ఒయాంతాయ్‌టాంబోలో రెండు, ఆగ్వాస్ కాలియెంతెస్‌లో ఒకటి, కుస్కోలో అయిదు, తిరుగు ప్రయాణంలో లిమాలో ఒకటి, మొత్తం పది రాత్రులు, పదకొండు రోజులు. ప్రత్యేక స్నానాల గది ఉన్న చిన్న గది రాత్రికి సగటున 110 సోల్‌ల చొప్పున 1,100 అవుతుంది. హాస్టల్లో పది మంది పడుకునే గదిలో ఒక మంచం తీసుకుంటే ఇందులో సగం కంటే తక్కువకే సరిపోతుంది గానీ, మొదటి మూడు రాత్రులకు మాత్రం సొంత గది ఉండటం మంచిది. ఎత్తు పడక నిద్ర పట్టని రాత్రి పక్క మంచం వారి గురక భరించడం కష్టం. హోటల్ గది అద్దెపై పెరూ పన్ను విదేశీ పర్యాటకులకు వర్తించదు, చేరేటప్పుడు పాస్‌పోర్టు చూపించి ఆ పన్ను లేకుండానే బిల్లు వేయమనండి.

తిండికి రోజుకు 70 చొప్పున 770 సోల్‌లు. మాచు పిచ్చు ఖర్చు విడిగా చూడాలి. టికెట్టు 152, రైలు 490, కింది ఊరి నుంచి పైకి వెళ్లివచ్చే బస్సు 24 డాలర్లు అంటే 84, ద్వారం దగ్గర నలుగురైదుగురితో కలిసి మాట్లాడుకునే గైడుకు 50, వెరసి 776 సోల్‌లు. బస్సు వద్దనుకుంటే అడవిలో మెట్ల దారి ఉంది, ఎక్కడానికి గంటన్నర పడుతుంది. వెళ్లేటప్పుడు బస్సు, వచ్చేటప్పుడు నడక అనుకుంటే సగం మిగులుతుంది, మోకాళ్లు సహకరిస్తే అదే మంచి పద్ధతి.

కుస్కో చుట్టుపక్కల చూడవలసినవాటిలో చాలావరకు బొలేతో తురిస్తికో అనే ఉమ్మడి టికెట్టులో వస్తాయి. సాక్సేవామన్ కోట, పిసాక్, ఒయాంతాయ్‌టాంబో, చించేరో, మోరాయ్ వంటి పదహారు చోట్లకు పది రోజులు చెల్లే పూర్తి టికెట్టు 130 సోల్‌లు. కొన్ని చోట్లకు మాత్రమే చెల్లే పాక్షిక టికెట్టు 70. ఒకటికంటే ఎక్కువ పాక్షిక టికెట్లు కొనవలసి వస్తే పూర్తి టికెట్టే లాభం. కొరికాంచా సూర్య దేవాలయం, కెథెడ్రల్, మారాస్ ఉప్పు మడులు ఇందులో రావు, వాటికి విడిగా టికెట్టు కొనాలి, లెక్కలో నేను 60 వేశాను, కొంత ఎక్కువే కావచ్చు. నగదే తీసుకెళ్లండి. ఏమీ ఖర్చు లేకుండా చూడగలిగేవీ ఉన్నాయి. హతున్ రుమియోక్ వీధిలో సున్నం లేకుండా కూర్చిన ఇంకా గోడలో పన్నెండు మూలల రాయి ఒకటి ఉంది, పక్క రాళ్లతో దాని అతుకులో కాగితం కూడా దూరదు. పొద్దున ఏడింటికి వెళ్తే అక్కడ మీరొక్కరే ఉంటారు.

షేర్ వ్యాన్లు, టాక్సీలు, లిమా విమానాశ్రయ రాకపోకలు కలిపి 320, రెండు రోజుల ఉమ్మడి టూర్లకు 200, లిమా నుంచి కుస్కోకు రానూపోనూ విమానం సామానుతో 150 డాలర్లు అంటే 525, ఫోను సిమ్ము, బట్టలు ఉతికించడం, చిల్లర బక్షీసులు 120. అన్నీ కూడితే దాదాపు 4,000 సోల్‌లు, అంటే లక్ష రూపాయలు. దీనిపై నాలుగో వంతు, పాతిక వేలు, ముట్టుకోని సొమ్ముగా వేరే ఖాతాలో ఉంచండి. హైదరాబాదు నుంచి లిమాకు రానూపోనూ విమానానికి లక్షా ముప్పై వేల నుంచి రెండు లక్షల దాకా, బీమాకు అయిదు వేలు వేసుకుంటే, మొత్తం రెండు లక్షల అరవై వేల నుంచి మూడు లక్షల ముప్పై వేల మధ్య తేలుతుంది. వీసా రుసుము దీనికి అదనం.

ఒంటరివారికి ఖర్చు పెరిగేది టాక్సీల దగ్గర, ప్రైవేటు టూర్ల దగ్గర. కుస్కో పక్కన పిసాక్ వంటి ఊళ్లున్న లోయను పవిత్ర లోయ అంటారు, అదంతా తిప్పే టాక్సీ కిరాయి నలుగురికైనా ఒకరికైనా ఒకటే. అందుకని బండి మాట్లాడుకోకుండా, ఇరవై మంది కలిసి వెళ్లే ఉమ్మడి టూరు తీసుకోండి, లేదా షేర్ వ్యాన్లలో ఊరూరూ మారుతూ వెళ్లండి. కుస్కో టాక్సీలకు మీటర్లు లేవు, ఎక్కకముందే ధర ఒప్పందం చేసుకోవాలి. ఊరి నడిబొడ్డున ప్లాసా దె ఆర్మాస్ అనే కూడలి చుట్టూ ఉన్న ఏజెన్సీల్లో ఒకే టూరుకు మూడు ధరలు వినిపిస్తాయి, చివరికి అందరినీ ఎక్కించేది ఒకే బస్సు. ప్రవేశ రుసుములు, మధ్యాహ్న భోజనం ధరలో కలిసి ఉన్నాయో లేదో రాయించుకుని డబ్బు కట్టండి.

డబ్బు వెంట తీసుకెళ్లడం

సోల్‌లు హైదరాబాదులో దొరకవు. డాలర్లు తీసుకెళ్లి అక్కడ మార్చుకోవాలి. నోట్లు కొత్తగా, మడతా చిరుగూ మరకా లేకుండా ఉండాలి. అంచున గోరంత చిరిగిన నూరు డాలర్ల నోటును కుస్కోలో మార్చేవారు వెలుతురుకు ఎత్తి చూసి వెనక్కి ఇచ్చేస్తారు. ఇక్కడ కొనేటప్పుడే ఒక్కొక్క నోటూ పరిశీలించి తీసుకోండి. లిమా విమానాశ్రయంలో రేటు బాగుండదు కనుక అక్కడ యాభై డాలర్లకు మించి మార్చకండి. కుస్కోలో అవెనిదా ఎల్ సోల్ వీధిలోని దుకాణాల్లో రేటు మెరుగ్గా ఉంటుంది, దుకాణం లోపలే, లెక్కపెట్టుకునే మార్చుకోండి.

మన ఫారెక్స్ కార్డుల్లో సాధారణంగా సోల్ ఉండదు, డాలర్లు వేసుకుంటే అక్కడ మళ్లీ మారకపు రుసుము పడుతుంది. చాలా క్రెడిట్ కార్డులపై విదేశీ లావాదేవీకి మూడున్నర శాతం దాకా అదనంగా, దానిమీద జీఎస్టీ తీసుకుంటారు. ఏటీఎంలు ప్రతిసారీ విడిగా రుసుము తీసుకుంటాయి, నూరు తీసినా ఏడు నూర్లు తీసినా అంతే, కాబట్టి తీసేటప్పుడు ఎక్కువే తీయండి. యంత్రం రూపాయల్లో చూపించమంటారా అని అడిగితే వద్దని, సోల్‌లలోనే తీయాలి. రూపాయల్లో చూపే రేటులో మనకు నష్టమే.

ఒక విషయం మన దేశపు కార్డులకు ప్రత్యేకం. బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ వాడకాన్ని మనమే ఆన్ చేసుకోవాలి, లేకపోతే కార్డు అక్కడ పనిచేయదు. ఓటీపీ వచ్చేది మన సిమ్ముకే కనుక దానికి రోమింగ్ పెట్టించుకోకుండా విమానం ఎక్కవద్దు. ఫోను పోతే సిమ్మూ పోతుంది, దాంతో బ్యాంకూ పోతుంది. అందువల్ల రెండో కార్డునూ, రెండు వందల డాలర్ల నగదునూ పర్సులో కాకుండా వేరే చోట ఉంచాలి. పక్కన అప్పిచ్చే మనిషి లేని ప్రయాణంలో ఈ రెండో చోటే మీ స్నేహితుడు.

తిండి

మధ్యాహ్నం వేళ చిన్న హోటళ్ల గుమ్మాల్లో 'మెనూ దెల్ దియా' అని పలక మీద రాసి ఉంటుంది. సూపు, అన్నంతో కూడిన ప్రధాన వంటకం, ఒక గ్లాసు పానీయం కలిపి 10 నుంచి 20 సోల్‌లు. తెలుగువారికి పెరూ ఒక విధంగా సులువైన దేశం, ఎందుకంటే అన్నం ప్రతిచోటా ఉంటుంది. చీఫా అని పిలిచే చైనా పద్ధతి హోటళ్లలో చౌఫా అనే వేపుడు అన్నం కడుపు నింపుతుంది. కారం కావలసినవారు రొకోతో మిరపకాయ పచ్చడి అడగవచ్చు, దాని ఘాటు మన మిరపకు తీసిపోదు.

శాకాహారులకు కష్టం సూపు దగ్గరే వస్తుంది. కూరగాయల సూపు అని తెచ్చినదాని కింద కోడి నీళ్లో ఎముకల నీళ్లో ఉంటాయి. 'శాకాహారిని' అంటే సరిపోదు, 'సిన్ కార్నె, సిన్ పోయో, సిన్ పెస్కాదో, సిన్ కాల్దో దె పోయో' అని మాంసం, కోడి, చేప, కోడి నీళ్లు ఏవీ వద్దని విడివిడిగా చెప్పాలి. స్పానిష్ పలకడం మనకు కష్టం కాదు. తెలుగులాగే దానిలోనూ ఎక్కువ మాటలు అచ్చుతో ముగుస్తాయి, వాళ్ల త, ద శబ్దాలు మన త, దలే. కావలసిన ముప్పై వాక్యాలు తెలుగు లిపిలో ఒక చిన్న పుస్తకంలో రాసుకుంటే చూసి చదివినా వాళ్లకు అర్థమవుతుంది.

సాన్ పెద్రో మార్కెట్‌లో పండ్లరసం దుకాణాలు ఒక వరుసగా ఉంటాయి. ఎత్తు బల్ల మీద కూర్చుంటే దుకాణం ఆవిడ గ్లాసు నిండా పోసి ఇస్తుంది. సగం తాగేలోపు మిక్సీ జాడీలో మిగిలినది కూడా తెచ్చి, అడగకుండానే మళ్లీ అంచు దాకా నింపుతుంది. దాన్ని వాళ్లు 'యాపా' అంటారు. మన కొసరు అది. కూరగాయల దగ్గర కూడా 'యాపా' అని అడిగితే నవ్వుతూ ఒక గుప్పెడు ఎక్కువ వేస్తారు. హాస్టల్ వంటింట్లో వండుకునేవారు ఒకటి గమనించాలి, ఆ ఎత్తులో నీళ్లు 88, 89 డిగ్రీలకే మరుగుతాయి కనుక బియ్యం ఉడకడానికి ఇంట్లో కంటే ఎక్కువ సేపు పడుతుంది, పప్పు కుక్కరు లేకుండా ఒక పట్టాన ఉడకదు.

ఒంటరిగా ఉండే జాగ్రత్తలు, తిరుగు దారి

కుస్కో నడిబొడ్డు పగటిపూట నడవడానికి బాగుంటుంది. రాత్రి పదింటి తర్వాత, ముఖ్యంగా స్త్రీలు, వీధిలో ఆపిన టాక్సీ ఎక్కకుండా బస చేసినచోటి నుంచి పిలిపించుకోవాలి. ఏ కొత్త ఊరికైనా చీకటి పడకముందే చేరేలా బస్సునూ విమానాన్నీ ఎంచుకోండి, అవసరమైతే దానికోసం కొంత ఎక్కువ ఖర్చు పెట్టండి. ఐపెరూ అనే ప్రభుత్వ సమాచార కేంద్రాల్లో డబ్బు తీసుకోకుండా సలహా ఇస్తారు. పెరూ గడియారం మనకంటే పదిన్నర గంటలు వెనక. అక్కడ రాత్రి ఎనిమిదైతే ఇంట్లో మరునాటి పొద్దున ఆరున్నర. రోజూ ఆ వేళకు ఎక్కడున్నదీ రేపు ఎక్కడికి వెళ్లేదీ ఇంట్లో ఒకరికి చెప్పే అలవాటు పెట్టుకుంటే, ఒకరోజు కబురు రాకపోతే వాళ్లకు ఎక్కడ వెతకాలో తెలుస్తుంది.

సమ్మెలు, రాస్తారోకోలు ఆ ప్రాంతంలో తరచుగా జరుగుతాయి, వాటిని 'పారో' అంటారు. 2023 జనవరిలో రాజకీయ ఆందోళనల వల్ల మాచు పిచ్చును మూడు వారాలకు పైగా మూసేశారు. 2024 జనవరిలో టికెట్ల అమ్మకం విధానంపై స్థానికులు చేసిన ఆందోళనలో రైళ్లు నిలిచిపోయాయి. మనం చేయగలిగింది రెండే. మాచు పిచ్చును ప్రయాణం మొదటి సగంలోనే ఉంచుకోవడం, దాని తర్వాత కనీసం ఒక రోజు ఏ టికెట్టూ కొనకుండా ఖాళీగా వదలడం. పై ప్రణాళికలో కుస్కోకు అయిదు రాత్రులు ఇచ్చింది అందుకే.

కుస్కో నుంచి లిమాకు వచ్చే విమానం వాతావరణం బాగోక రద్దయ్యే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. లిమా నుంచి స్వదేశానికి విమానం ఏ రోజైతే ఆ ముందు రోజే లిమాకు దిగిపోండి. చివరి రాత్రి అద్దె ఈ భద్రతకు చెల్లించే రుసుము. మిగిలిన సోల్‌లు ఇక్కడికి తెస్తే ఎవరూ మార్చరు, లిమా వదలకముందే డాలర్లలోకి మార్చుకోండి లేదా ఖర్చుపెట్టేయండి. సంచీ సర్దేటప్పుడు జేబులన్నీ దులిపి చూడండి. కోకా ఆకు (కొకైన్‌కు మూలమైన మొక్క ఆకు), కోకా టీ పొట్లాలు, కోకా బిళ్లలు పెరూలో ప్రతి దుకాణంలో అమ్ముతారు, అక్కడ వాటిని వాడటం చట్టబద్ధం, కానీ భారతదేశంలోకి గానీ అమెరికాలోకి గానీ తేవడం నేరం. హోటల్ వాళ్లు ప్రేమగా చేతిలో పెట్టిన రెండు బిళ్లలు కూడా అక్కడే బల్ల మీద వదిలి బయల్దేరండి.